శిథిల నగరములలో చీనా యాత్రికుడు

యాత్రకు బయలుదేరువాడు తాను చూడబోవు స్థలమును ఇల్లు వదలుటకు ముందే మనస్సులో ఒకసారి చూచియుండును. విన్న కథలు, చదివిన గ్రంథములు, పెద్దల మాటలు కలిసి అతని కన్నుల యెదుట ఒక నగరమును నిర్మించును. ఆ నగరమున గోడలు కూలవు, కొలనులు ఎండవు, చెట్లు వాడవు. పిమ్మట ఆ స్థలమును నిజముగా చేరినపుడు మనస్సులోని నగరమునకును కంటి యెదుటి నగరమునకును పొత్తు కుదరదు. దూరపు కొండలు నునుపు అని మనవారు ఊరక అనలేదు. ఒకనాటి ప్రయాణముతో చేరిన చోటనే ఇట్టి ఆశాభంగము కలిగినచో మనస్సు చిన్నబుచ్చుకొనును. అట్లుండగా, ఎడారులను మంచుకొండలను దాటి, ప్రాణములను పలుమార్లు పణముగా ఒడ్డి, ఏండ్ల తరబడి నడచి చేరినవానికి అచ్చట పాడుగోడలును అడవియు మాత్రమే కనబడినచో అతని స్థితి యెట్లుండును? ఏడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన చీనా భిక్షువు హ్యుయన్ త్సాంగ్‌కు అట్టి అనుభవము ఒక్కచోట కాదు, పెక్కుచోట్ల కలిగినది.

హ్యుయన్ త్సాంగ్ క్రీ.శ. 602 ప్రాంతమున చీనా దేశమందలి లోయాంగ్ నగర సమీపమున జన్మించెను. ఇతని పేరును నేడు షువాన్‌జాంగ్ అని వ్రాయుచున్నారు. పాత పుస్తకములలో యువాన్ చ్వాంగ్ అనియు కనబడును. తండ్రి విద్వాంసుడు, అన్న బౌద్ధ భిక్షువు. అన్నను అనుసరించి యితడును బాల్యముననే ఆరామమున ప్రవేశించెను. వయస్సు చాలకపోయినను బాలుని తెలివిని మెచ్చి పదుమూడవ యేటనే చేర్చుకొనిరి. యౌవనము వచ్చునప్పటికి అతడు చీనాలో పేరుపడిన గురువులను వెదకికొని పోయి పాఠములు వినెను. వినినకొలది సందేహములు హెచ్చెనే కాని తగ్గలేదు. ఒక గురువు చెప్పిన అర్థమును మఱియొక గురువు ఒప్పుకొనలేదు. ఒక అనువాదమునకును మఱియొక అనువాదమునకును పొందిక లేదు. సంస్కృత మూలమును చూచినగాని ఈ చిక్కు విడదని అతడు నిశ్చయించెను. యోగాచారభూమిశాస్త్రమను గ్రంథమును సమగ్రముగా చదువవలెనని అతని ముఖ్యమైన కోరిక. దానితోపాటు మఱియొక కోరికయు ఉండెను. బుద్ధుడు పుట్టిన వనమును, జ్ఞానము నొందిన బోధివృక్షమును, వర్షకాలములు గడపిన జేతవనమును, కన్ను మూసిన సాలవృక్షముల తోపును తన కన్నులార చూడవలెనని అతడు తపించుచుండెను.

ఆ స్థలములను గూర్చి అతనికి బొత్తిగా తెలియకపోలేదు. అతనికి రెండు వందల యేండ్లకు పూర్వము ఫాహియాన్ అను చీనా భిక్షువు మన దేశమునకు వచ్చెను. బుద్ధుడు పెరిగిన కపిలవస్తు నగరము నాటికే పాడుపడినదనియు, కొద్దిమంది భిక్షువులును కొన్ని కుటుంబములును తప్ప అచ్చట జనులు లేరనియు, బాటలలో ఏనుగులకును సింహములకును భయపడవలసి యుండెననియు ఆ భిక్షువు వ్రాసియుంచెను. ఫాహియాన్ వంటివారు చేసిన పనిని తానును చేయవలెననియే హ్యుయన్ త్సాంగ్ సంకల్పించెను. కాని చదువుట వేఱు, చూచుట వేఱు. ఎవరో చూచి పాడుపడినదని వ్రాసిన నగరము కూడ చదువరి మనస్సులో నిండుగనే నిలిచియుండును.

క్రీ.శ. 629లో అతడు బయలుదేరెను. 627లోనే బయలుదేరెనని కొందరు పండితుల అభిప్రాయము. రాజ్యపు సరిహద్దు దాటి యెవరును పోరాదని అప్పటి చక్రవర్తి ఆజ్ఞ. హ్యుయన్ త్సాంగ్ అనుమతి కోరెను, లభింపలేదు. లభింపకున్నను బయలుదేరెను. పగలు దాగి, రాత్రులు నడచి సరిహద్దు చేరెను. దారి చూపుటకు వచ్చిన మనుష్యుడు ఒక రాత్రి కత్తి దూసికొని దగ్గరకు వచ్చి, ఏమి తోచెనో మరలిపోయెను. మఱునాడు ఇక రానని చెప్పి విడిచిపోయెను. అచ్చటినుండి హ్యుయన్ త్సాంగ్‌కు ఒక ముసలి గుఱ్ఱము తప్ప వేఱు తోడు లేదు. కావలి బురుజు దగ్గర నీరు నింపుకొనుచుండగా బాణములు వచ్చి పడెను. బురుజు అధికారి బౌద్ధుడగుటచే బ్రదికిపోయెను.

బురుజులు దాటిన పిమ్మట గోబీ ఎడారి. పిట్ట యెగురదు, గడ్డి మొలవదు. నీరు త్రాగుటకు తోలుసంచి యెత్తగా అది చేయి జాఱి, ఉన్న నీరంతయు ఇసుక పాలయ్యెను. దిక్కు తోచక అతడు గుఱ్ఱమును తూర్పునకు మరలించి కొంతదూరము వెనుకకు వచ్చెను. అంతలో తాను చేసిన ప్రతిజ్ఞ జ్ఞప్తికి వచ్చెను. తూర్పునకు పోయి బ్రదుకుటకంటె పడమటికి పోయి చచ్చుట మేలని మరల పడమటికి తిరిగెను. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు నీటి చుక్క లేదు. తుదకు ఆ ముసలి గుఱ్ఱమే పసికట్టి అతనిని ఒక పచ్చిక బయలునకు, నీటి గుంటకు చేర్చెను. ఈ కథను అతని శిష్యుడు హుయిలీ గురువు జీవితచరిత్రలో వ్రాసియుంచెను.

తరువాతి మార్గమును క్లుప్తముగ చెప్పినను చాలును. దారిలో ఒక రాజు భక్తి హెచ్చి అతనిని తన రాజ్యమునందే ఉంచుకొనవలెనని పట్టుబట్టగా, అతడు అన్నపానములు మాని రాజు మనస్సు మార్చెను. తియెన్‌షాన్ మంచుకొండలు దాటునపుడు వెంట వచ్చినవారిలో పదింట మూడు నాలుగు వంతులవారు చలికి మరణించిరి. బామియాన్ లోయలో కొండ చెక్కిన నిలువెత్తు బుద్ధవిగ్రహమును చూచి దాని యెత్తును, మెఱుగును అతడు ఎంతయు కొనియాడెను. అచ్చట అతనికి ఆశాభంగము కలుగలేదు. 2001వ సంవత్సరమున ప్రేలుడు మందులతో కూల్చివేయబడిన విగ్రహములలో అది యొకటి.

ఆశాభంగము గాంధార దేశముననే ఆరంభమయ్యెను. కనిష్కుని రాజధానియైన పురుషపురము, అనగా నేటి పెషావరు, ఆ దేశమునకు ముఖ్య పట్టణము. శిల్పమునకును పాండిత్యమునకును గాంధారము ఒకప్పుడు పెట్టినది పేరు. అచ్చట వేయి సంఘారామములు కలవనియు, అవి యన్నియు పాడుపడి పిచ్చిచెట్లు మొలచినవనియు అతడు వ్రాసెను. అంతకు నూఱేండ్ల క్రిందట హూణులు ఆ ప్రాంతమును కొల్లగొట్టి యుండిరి. అయినను మనస్సు సమాధానపడుట సులభము. ఇది యింకను పొలిమేర. బుద్ధుడు నడచిన నేల ముందున్నది. దగ్గరకు పోయినకొలది వైభవము కానవచ్చునని యాత్రికుడు తలచుట సహజము. కాని జరిగినది వేఱు.

శ్రావస్తి నగరము బౌద్ధ గ్రంథములు చదివినవారికి సుపరిచితము. బుద్ధుడు అధికముగ వర్షవాసములు గడపినది అచ్చటనే. అనాథపిండికుడను వర్తకుడు నేలంతయు బంగారు నాణెములతో కప్పి, ఆ వెలకు జేతకుమారుని వనమును కొని బుద్ధునికి సమర్పించెనని కథ. ఆ కథను హ్యుయన్ త్సాంగ్ ఎన్ని మార్లు చదివియుండునో! అతడు చేరునప్పటికి నగరపు గోడలు కూలిపోయి యుండెను. కొలదిమంది జనులు మాత్రము కాపురముండిరి. వందలకొలది సంఘారామములలో పెక్కు శిథిలములు. జేతవనపు తూర్పు ద్వారమున అశోకుడు నిలిపిన రెండు స్తంభములు మాత్రము నిలిచియుండెను. ఒకదాని శిరమున చక్రము, మఱియొకదాని శిరమున వృషభము. లోపల భవనములన్నియు నేలమట్టమైనవి. ఒక్క ఇటుకల కట్టడము మాత్రము మిగిలియుండెను. అందొక బుద్ధ ప్రతిమ యుండెను.

కపిలవస్తువు ఇంతకంటెను హీనస్థితిలో నుండెను. ఆ దేశమున పదింటికి పైగా నగరములు జనశూన్యములై యుండెను. రాజధాని యెంతవఱకు వ్యాపించి యుండెనో కొలుచుటకు వీలులేనంతగా చెడిపోయినది. లోపలి కోట గోడ చుట్టుకొలత మాత్రము అతడు అంచనా వేసెను: 14 లేక 15 లీలు. లీ యనునది చీనావారి దూరమానము. మూడు లీలు రమారమి ఒక మైలు. గోడ ఇటుకలతో కట్టినదనియు, ఇంకను గట్టిగనే యున్నదనియు వ్రాసెను. సిద్ధార్థుడు పెరిగిన రాజభవనపు పునాదులు చూచెను. ఆ దేశమునకు రాజు లేడు. ఊరూరికి ఒక పెద్ద మాత్రము కలడు.

అచ్చటికి సమీపముననే లుంబినీవనము. మాయాదేవి కొమ్మ పట్టుకొని నిలిచిన అశోకవృక్షము ఎండిపోయి యుండెను. స్నానము చేసిన కొలను కనబడెను. అశోక చక్రవర్తి నిలిపిన రాతి స్తంభమొకటి కనబడెను. దాని శిరమున గుఱ్ఱపు ప్రతిమ యుండెడిదనియు, దుష్టనాగుని చేష్టవలన స్తంభము నడిమికి విఱిగి నేలపై పడినదనియు అతడు వ్రాసెను. పిడుగు పడి విఱిగిన స్తంభమును గూర్చి అక్కడివారు చెప్పుకొను కథయే యిది కావచ్చును. ఈ విఱిగిన స్తంభమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని కలదు.

అచ్చటినుండి కుశీనగరమునకు పోవు దారి దట్టమైన అరణ్యము. బాట యిఱుకు. అడవి యెద్దులు, ఏనుగులు, దొంగలు, వేటగాండ్రు. ఇన్ని అపాయములు గడచి బుద్ధుడు నిర్వాణము చెందిన నగరము చేరగా, అందును గోడలు కూలినవి, వీధులు నిర్జనములు. ఊరి వెలుపల నది దాటిన పిమ్మట సాలవృక్షములు మాత్రము నిలిచియుండెను. వాని చెంత ఇటుక విహారమున, ఉత్తరమునకు తలపెట్టి పరుండిన బుద్ధుని విగ్రహము. అశోకుడు కట్టించిన స్తూపము క్రుంగి శిథిలమైనను ఎత్తుగనే యుండెను. మౌర్యుల రాజధానియై భూమండలమున పేరుగన్న పాటలీపుత్రమును చూచినపుడు పునాదులే కనబడెను. వందలకొలది ఆరామములలో, ఆలయములలో, స్తూపములలో రెండో మూడో నిలిచియున్నవని వ్రాసెను.

దేశమంతయు ఇట్లే యుండెనని తలచుట పొరపాటు. అదే కాలమున హర్షవర్ధనుని కన్యాకుబ్జము సిరిసంపదలతో తులతూగుచుండెను. అచ్చట నూఱు సంఘారామములను, పదివేలమంది భిక్షువులను హ్యుయన్ త్సాంగ్ పేర్కొనెను. బుద్ధుని నాటికిని అతని నాటికిని నడుమ వేయి సంవత్సరములకు పైగా గడచినవి. వర్తకుల బాటలు మాఱినవి, రాజధానులు మాఱినవి, రాజుల యాదరణ వేఱు చోట్లకు మరలినది. పాతనగరములు ఖాళీ యగుచుండగా క్రొత్తనగరములు నిండినవి. కాని యాత్రికుడు చూడవచ్చినవి క్రొత్తనగరములు కావు గదా!

బోధగయలో అతని దుఃఖము కట్టలు తెంచుకొనెను. బోధివృక్షము జీవించియే యుండెను గాని ఒకప్పటి మహావృక్షము కాదు. శశాంకుడను గౌడరాజు దానిని నఱికించెననియు, మగధరాజగు పూర్ణవర్మ వేయి ఆవుల పాలతో తడిపించి మరల చిగురింపజేసెననియు అక్కడివారు చెప్పిరి. వజ్రాసనమునకు ఇరుప్రక్కల రెండు అవలోకితేశ్వర ప్రతిమలు కలవు. అవి పూర్తిగా భూమిలో దిగిపోయిననాడు ధర్మము అంతరించునని ప్రతీతి. దక్షిణపు ప్రతిమ అప్పటికే ఱొమ్ము వఱకు దిగియుండెను. ఏటేట పేరుకొను మట్టియే దానికి కారణమై యుండును. కాని భక్తుని కంటికి అది మట్టిగా కనబడదు. హ్యుయన్ త్సాంగ్ చెట్టు ముందు సాష్టాంగపడి వెక్కివెక్కి యేడ్చెనని హుయిలీ వ్రాసెను. బుద్ధుడు ఇచ్చట జ్ఞానము పొందిననాడు తానే జన్మలో ఎక్కడ తిరుగాడుచుండెనో, ధర్మము క్షీణించిన యీ కాలమున వచ్చి చేరితినే యని అతడు విలపించెను. వర్షవాసము ముగించుకొని నలుదిక్కులనుండి వచ్చిన వేలకొలది భిక్షువులు అచ్చట నుండిరి. పరదేశి దుఃఖము చూచి వారును కన్నీరు పెట్టిరి.

ఎనిమిది తొమ్మిది దినములు అతడు అచ్చట ఉండి, ప్రతి స్తూపమును, ప్రతి పాదచిహ్నమును దర్శించెను. దర్శించుటయే కాక కొలిచెను. ఈ అలవాటు అతనికి మొదటినుండియు కలదు. ఏ దిక్కునకు ఎన్ని లీలు నడచిన ఏ స్థలము వచ్చును, గోడ చుట్టుకొలత యెంత, స్తంభము ఎత్తెంత, నిలిచినది యెన్ని, కూలినది యెన్ని అని వ్రాసికొనుచునే యుండెను. దుఃఖమున్నను లెక్క తప్పలేదు. మంచి విద్యార్థి లక్షణమిది.

నాలందలో మాత్రము అతని ఆశ ఫలించెను. ఆ విద్యాపీఠమున వేలకొలది విద్యార్థులుండిరి. ఆచార్యుడు శీలభద్రుడు వృద్ధుడైనను, దూరదేశపు శిష్యుని కొఱకు యోగాచారభూమిశాస్త్రమును పాఠము చెప్పెను. అయిదు సంవత్సరముల కాలము హ్యుయన్ త్సాంగ్ అచ్చట చదివెను. ఏ గ్రంథము కొఱకు చీనా విడిచి వచ్చెనో అది చేతికి వచ్చెను.

అంతటితో అతడు ఇంటిదారి పట్టలేదు. సింహళమున యోగశాస్త్రమెరిగిన పండితులున్నారని విని, అచ్చటికి పోవలెనని దక్షిణమునకు బయలుదేరెను. సముద్రపు దారిలో తుపానులును అపాయములును కలవు గాన భూమార్గమున పొమ్మని ఒక భిక్షువు హితవు చెప్పెను. ఆ హితవు వలననే హ్యుయన్ త్సాంగ్ ఓడ్ర, కళింగ దేశముల మీదుగా తెలుగునేలకు వచ్చెను. క్రీ.శ. 640కి కొంచెము అటునిటుగా అతడు చూచిన ఆంధ్రదేశపు రాజధానిని పండితులు వేంగిగా, అనగా నేటి ఏలూరు చెంతనున్న పెదవేగిగా గుర్తించిరి. నేల సారవంతమనియు, ఇరువదికి పైగా సంఘారామములు కలవనియు వ్రాసెను. ఇచ్చటివారి మాటతీరు మధ్యదేశపు మాటతీరు కంటె భిన్నమనియు, లిపి మాత్రము చాలవఱకు అదియే యనియు వ్రాసెను. తెలుగు మాట అతని చెవికి సోకినదనుటకు ఈ ఒక్క వాక్యమే చాలును.

అచ్చటినుండి ధాన్యకటకము. కృష్ణాతీరమందలి అమరావతి, ధరణికోట ప్రాంతమే యిది యని పలువురి మతము. విజయవాడ యని వాదించినవారును కలరు. శాతవాహనుల కాలమునుండి బౌద్ధమునకు పట్టుకొమ్మయైన యీ నేలను చూచునప్పటికి ఆరామములలో పెక్కు శూన్యములై యుండెను. ఇరువది మాత్రము నిలిచియున్నవనియు, భిక్షువులు వేయిమంది యుందురనియు లెక్క చెప్పెను. నగరమునకు తూర్పు కొండపై పూర్వశైలము, పడమటి కొండపై అపరశైలము అను రెండు మహావిహారములు కలవు. ఒకప్పుడు ఏటేట వేయిమంది వర్షవాసమునకు వచ్చెడివారట. నూఱేండ్లనుండి ఒక్క భిక్షువును లేడు. కొండదేవత తోడేలై, కోతియై కనబడి బాటసారులను బెదరగొట్టుచున్నదని స్థానికులు చెప్పిరి. మనుష్యులు విడిచిన ఇంటిలో దయ్యములు చేరినవనుట ఎల్లచోట్ల నున్న మాటయే.

ఇచ్చట హ్యుయన్ త్సాంగ్ చేసిన పని మిక్కిలి గమనింపదగినది. పాడుపడిన విహారములను చూచి నిట్టూర్చి ముందుకు సాగిపోలేదు. మిగిలియున్నవారిలో చదివినవారెవరని విచారించెను. సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులు మహాసాంఘికుల అభిధర్మమున దిట్టలని తెలిసెను. వారియొద్ద శిష్యుడై కొన్ని నెలలు నిలిచి ఆ శాస్త్రమును చదివెను. తాను నేర్చిన మహాయాన శాస్త్రములను వారికి చెప్పెను. ఒకరికొకరు గురువులు, ఒకరికొకరు శిష్యులు. నాలందలో అయిదేండ్లు చదివినవాడు, చక్రవర్తుల గౌరవమునకు పాత్రుడగువాడు, కృష్ణయొడ్డున సగము ఖాళీయైన ఆరామమున మరల ఆకు పట్టి కూర్చుండెను. చదువు ముగిసిన పిమ్మట ముగ్గురును కలిసి పుణ్యక్షేత్రములు చూడబోయిరి.

కాంచీపురము చేరగనే సింహళపు ఆశయు కొడిగట్టెను. ఆ ద్వీపమున రాజు మరణించెననియు, కఱవును అలజడియు చెలరేగినవనియు చెప్పుచు మూడు వందలమంది భిక్షువులు సముద్రము దాటి వచ్చి యుండిరి. హ్యుయన్ త్సాంగ్ వారిలో పెద్దలను యోగశాస్త్ర విషయములు ప్రశ్నించెను. వారు చెప్పిన అర్థము శీలభద్రుడు చెప్పినదానికి మించి లేదు. మూడు దినముల ఓడ ప్రయాణమున చేరదగిన సింహళమును అతడు చూడకయే ఉత్తరమునకు మరలెను. చూడకున్నను చూచితినని చెప్పిన కాదనువారు చీనాలో ఎవరుండిరి?

క్రీ.శ. 645లో అతడు 657 గ్రంథములను, బుద్ధ ప్రతిమలను గుఱ్ఱములపై మోయించుకొని చీనా రాజధాని చాంగాన్ చేరెను. సింధునది దాటునపుడు పడవ ఊగి కొన్ని గ్రంథములు నీటిపాలు కాగా, వానికి మరల ప్రతులు వ్రాయించి తెప్పించుకొనెను. అనుమతి లేక పోయినవానిని చక్రవర్తి దండింపలేదు. ఆదరించి, చూచిన దేశముల వృత్తాంతము వ్రాయుమనెను. మఱుసటి సంవత్సరమున పండ్రెండు భాగముల గ్రంథము సిద్ధమయ్యెను. చీనావారు దానిని పశ్చిమదేశముల వృత్తాంతముగా పిలుతురు.

ఆ గ్రంథమును వ్రాయునపుడు అతని యెదుట ఒక ప్రలోభము ఉండకపోదు. స్వదేశమున భక్తులు వేలాదిగా ఎదురు చూచుచుండిరి. బుద్ధభూమి స్వర్గతుల్యమని వినుటకు వారి చెవులు ఉవ్విళ్లూరుచుండెను. బుద్ధభూమి ఎంత గొప్పదైన అచ్చటికి పోయివచ్చినవాని గౌరవము అంత గొప్పది. తీర్థము నుండి వచ్చినవాడు అచ్చటి లోటుపాట్లు దాచి, వైభవమును పెంచి చెప్పుట లోకమున క్రొత్త కాదు. హ్యుయన్ త్సాంగ్ వినిన అద్భుతకథలను, పుణ్యగాథలను గ్రంథమున విరివిగ చేర్చెను. అతడు భక్తుడు గదా. కాని గోడ కూలినచోట కూలినదనియే వ్రాసెను, జనులు లేనిచోట లేరనియే వ్రాసెను. 138 దేశములను వర్ణించిన యా గ్రంథమున మఱియొక కట్టుబాటు కలదు. తాను స్వయముగా నడచిన దేశమునకు ఒక క్రియాపదము, ఇతరులు చెప్పగా వినిన దేశమునకు మఱియొక క్రియాపదము వాడినట్లు గ్రంథాంతమున స్పష్టముగ తెలుపబడినది. 110 దేశములు చూచినవి; 28 వినినవి. సింహళము వినినవానిలో చేరినది.

హ్యుయన్ త్సాంగ్ 664లో మరణించెను. అతడు చూచిన శిథిలములు క్రమముగా ఇంకను శిథిలమై మట్టిదిబ్బలైనవి. దిబ్బలపై చెట్లు మొలచినవి. పేర్లు కూడ మాసిపోయినవి. శ్రావస్తి యెచ్చట, కుశీనగరమెచ్చట అని అడిగిన చెప్పగలవారు మన దేశమున లేకపోయిరి. పండ్రెండు వందల యేండ్ల పిమ్మట అతని గ్రంథము ఫ్రెంచి భాషలోనికి అనువదింపబడి 1857, 1858 సంవత్సరములలో అచ్చయ్యెను. 1861లో పురావస్తు పరిశోధనకు నియమింపబడిన అలెగ్జాండర్ కనింగ్‌హామ్ ఆ అనువాదమును చేతబట్టి, లీలను మైళ్లుగా మార్చుకొనుచు, దిక్కులు సరిచూచుకొనుచు ఉత్తరదేశమంతయు తిరిగెను. ఇచ్చట గొప్ప భవనములు కలవని హ్యుయన్ త్సాంగ్ వట్టి పొగడ్తలు వ్రాసియుండిన కనింగ్‌హామ్‌కు ఏమియు ప్రయోజనము లేకపోయెడిది. ఏది కూలినది, ఏది మిగిలినది, ఏది దేనికి ఎంత దూరము అని వ్రాసినందువలననే దిబ్బలకు పేర్లు పెట్టుట సాధ్యమయ్యెను.

ఉత్తరప్రదేశమున రాప్తినది చెంత సహేత్, మహేత్ అను రెండు పాడుదిబ్బలు కలవు. అవే జేతవనమును శ్రావస్తియు నని 1863లో కనింగ్‌హామ్ నిర్ణయించెను. అచ్చట దొరకిన పెద్ద బోధిసత్త్వ విగ్రహముపై శ్రావస్తి పేరు చెక్కబడియుండెను. కసియా దిబ్బలను అతడు కుశీనగరముగా గుర్తింపగా, 1876లో అతని సహాయకుడు కార్లైల్ త్రవ్వించి, ఉత్తరమునకు తలపెట్టి పరుండిన బుద్ధవిగ్రహమును ముక్కలుగ వెలికితీసి అతికించెను. దాని పొడవు సుమారు 20 అడుగులు. చీనా యాత్రికుడు ఇటుక విహారమున చూచినది ఇదియే కావచ్చునని పలువురు తలంతురు. అన్నియు ఇట్లు సులభముగ తేలలేదు. కపిలవస్తువు విషయమున కనింగ్‌హామ్ పొరపడెను. నేపాలునందలి తిలౌరాకోటయే అదియని కొందరును, భారతదేశమందలి పిప్రహ్వా యని కొందరును నేటికిని వాదించుచునే యున్నారు.

లుంబిని మాత్రము నిస్సందేహముగ తేలినది. 1896లో నేపాలు తరాయి అడవులలో, సగము మట్టిలో పూడిన ఒక రాతి స్తంభము చుట్టు త్రవ్వించిరి. స్తంభపు పైభాగము విఱిగిపోయి, మిగిలిన భాగము నిలువునా బీటవారి యుండెను. మట్టి తొలగగా అడుగున బ్రాహ్మీలిపిలో అశోకుని శాసనము బయటపడెను. పట్టాభిషిక్తుడై ఇరువది యేండ్లైన పిమ్మట అశోకుడు స్వయముగా వచ్చి పూజ చేసెననియు, బుద్ధుడు జన్మించినది యిచ్చటనే యనియు, ఆ కారణమున లుంబినీ గ్రామమునకు పన్ను తగ్గించెననియు అందు వ్రాయబడియుండెను. హ్యుయన్ త్సాంగ్ ఆ స్తంభమును చూచెను, విఱిగినదని వ్రాసెను. శాసనమును మాత్రము పేర్కొనలేదు. అతడు వచ్చునప్పటికే ఆ అక్షరములు మట్టి క్రిందికి పోయినవేమో! అతడు చెప్పిన గుఱ్ఱపు ప్రతిమ కొఱకు చుట్టుప్రక్కల వెదకిరి గాని అది కనబడలేదు.